చెల్లెలికి కాపలా

జూన్ 4

అన్నయ్యకి,

చిట్టి రాస్తోంది. ఫోను చేస్తే నీకు వినపడదు. నీ బదులు వదిన వింటుంది, ఆవిడ చెప్పింది నీకు సగమే వినపడుతుంది, ఆ సగానికి నువ్వు వేరే ఏదో సమాధానం చెబుతావు. కుస్తీల్లో చెవులు నలగ్గొట్టుకున్న అన్నయ్యలున్న చెల్లెళ్ళకి ఉత్తరాలే గతి. నేను బాగానే ఉన్నాను. కాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. ఒకటి పని చేస్తుంది, రెండోది తోడొస్తుంది.

లాండ్రీలో పని అలాగే సాగుతోంది. ఊళ్ళో ఆసుపత్రుల దుప్పట్లన్నీ మా దగ్గరికే వస్తాయి. ఇస్త్రీ రోలర్ల కిందనించి పొగలు కక్కుతూ బయటికొచ్చిన వాటిని మడిచి దొంతర్లు పేర్చడం నా పని. ఎత్తు స్టూలు మీద కూర్చుంటాను, చంకకర్ర పక్కన గోడకి ఆనించుకుంటాను. నీ స్నేహితుడు పెద్దమనిషి కులాసాగా ఉన్నాడు. చిన్నప్పుడు వీధిలో తగువులన్నీ తీర్చేవాడని నువ్వు పెట్టిన పేరు ఇక్కడ లాండ్రీ అంతా వాడుతోంది. సూపర్‌వైజరుగారూ అని ఒక్కళ్ళూ పిలవరు. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే అని కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆయనే చెబుతాడు, నేను చెప్పే అవసరం లేకుండా.

సరే, అసలు సంగతి. నేను ఆత్మరక్షణ క్లాసులో చేరాను. నవ్వు, నవ్వి అయ్యాక మిగతాది చదువు.

మా వీధి చివర మూతబడిన చెప్పుల షాపులో ఆదివారాలు పెడతారు. ఆ షాపు అద్దాలు అలాగే ఉన్నాయి, నేలకి ఆనుకుని, మోకాళ్ళ ఎత్తు వరకే. అందుకని క్లాసంతా మా కాళ్ళే మాకు కనపడుతుంటాయి. నాకు మొదట్లో అదో శిక్ష. నేర్పేది రిటైరైన బస్సు కండక్టరు. మనిషి నా భుజం దాకా రాదు, గొంతు మాత్రం వెనక సీటు దాకా వెళుతుంది. కండక్టరమ్మ అంటాం అందరం. 'ఇది కండలున్నవాళ్ళ క్లాసు కాదు, ఎవరు పడితే వాళ్ళు చెయ్యి వేసినా ఏమీ అనరులే అని లోకం అనుకునేవాళ్ళ క్లాసు' అని మొదటిరోజే చెప్పింది. నాతోపాటు చూపులేని టెలిఫోన్ ఆపరేటరు ఒకాయన ఉన్నాడు. పుట్టినప్పుడు అబ్బాయి అని రాస్తే పెద్దయ్యాక ఆ రాత తనే కొట్టేసుకున్న బ్యూటీ పార్లరావిడ ఉంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఉన్నారు.

మొదటిరోజు ఏం నేర్పారో తెలుసా? 'వద్దు' అనడం. నాకు రాలేదు. 'వద్దండీ, పర్వాలేదండీ, మీకెందుకండీ శ్రమ' అని వచ్చింది, పైగా నవ్వు. కండక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అంది, "వద్దు ఒక్కటే ఎక్కమన్నాను. నువ్వు సామాను కూడా ఎక్కించావ్."

ఎందుకు చేరావంటావా. పనిలో ఒకాయన ఉన్నాడు. కాలు సరిగా లేనిదాన్ని కదా అని సాయం చేస్తాడు. సాయం ఎక్కువైంది. కంగారుపడకు. ఎవరికీ చెప్పకు కూడా, ముఖ్యంగా పెద్దమనిషికి.

వదినని అడిగానని చెప్పు.

చిట్టి


జూన్ 13

చెల్లాయికి, ఇంకా కండలు తగ్గని అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం మీ వదినకి పైకి చదివి వినిపించాను. అరవడం నేర్పడానికి ఒక క్లాసా అని ఇద్దరం ఆశ్చర్యపోయాం. నేను ఎక్కువ ఆశ్చర్యపోయాను. మీ వదిన చపాతీ కర్ర పట్టుకుని వింటూ నిలబడింది.

కుస్తీలు నేర్పే తాలింఖానా నడిపేవాణ్ణి నేనుండగా బస్సు కండక్టరు దగ్గర నేర్చుకోవడం ఏమిటే? నన్ను అడిగితే చెప్పనా? పొద్దున్నే రెండు గుడ్లు తిను, పాలు తాగు. వంద బస్కీలు తియ్యి. (రాశాక గుర్తొచ్చింది. యాభై చాలు.) చంకకర్ర ఉందిగా, దానికి మించిన ఆయుధం లేదు. కింది చివర పట్టుకుని తిప్పితే ఎదుటివాడి దవడ పగలాలి. అప్పుడు నువ్వు దేని మీద నిలబడతావు అని మీ వదిన అడుగుతోంది. కుస్తీ తెలియనివాళ్ళు ఇలాంటివే అడుగుతారు. ఆ ఆపరేటరుగారు ఎదుటివాడు కనపడకుండా గురి ఎలా పెడతారో మాత్రం నాకూ అర్థం కాలేదు. కనుక్కుని రాయి.

ఇక ఆ సాయం చేసేవాడి సంగతి. పేరు రాయి చాలు. నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళని ఇద్దరిని బండెక్కించి పంపుతాను. మాట్లాడరు, ఊరికే నిలబడతారు. వాళ్ళు నిలబడితేనే సగం పని అయిపోతుంది.

పెద్దమనిషికి చెప్పొద్దన్నావు. నీ బిడియం నాకు తెలియదా? వాడు పరాయివాడా? పోటీలో నా మోకాలు తప్పినరోజు నన్ను వీపున మోసుకుని ఇంటికి తెచ్చినవాడు. నీకు అన్నయ్యలు ఇద్దరనుకో.

అన్నయ్య


జూన్ 25

అన్నయ్యకి,

గుడ్లు తింటున్నాను. బస్కీలు మాత్రం నీకే వదిలేశాను.

ఆపరేటరుగారు గురి ఎలా పెడతారని అడిగావు. ఆయన ఎవరినీ కొట్టరు. ఆయన బాధ వేరు. రోడ్డు పక్కన ఊరికే నిలబడితే చాలట, ఎవరో ఒక పుణ్యాత్ముడు రెక్క పుచ్చుకుని బరబరా అవతలికి లాక్కెళ్ళి దింపి, సంతోషంగా వెళ్ళిపోతాడు. ఈయన మళ్ళీ ఇవతలికి రావాలి. ఇప్పుడు ఎవరైనా రెక్క పట్టుకుంటే కాళ్ళు నేలకి అదిమి నిలబడి, "ఏమండీ, రోడ్డు దాటడానికి మీకు సాయం కావాలా?" అని అడుగుతున్నారు. పట్టుకున్నవాడు ఠక్కున వదిలేస్తున్నాడట. క్లాసులో చేసి చూపించారు. పార్లరావిడ నవ్వలేక కింద కూర్చుండిపోయింది.

దెబ్బలు కూడా నేర్పుతున్నారులే. మోచేత్తో, అరచేతి కింది గట్టి భాగంతో. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నేర్పారు, ఎందుకంటే నేను రోజంతా ఉండేది కూర్చునే. కానీ కండక్టరమ్మ ఎక్కువసేపు మాటల మీదే ఉంచుతుంది. చెయ్యి ఎక్కడుందో చెప్పాలి, తియ్యమని చెప్పాలి, అక్కడ ఆగాలి. తిట్టక్కర్లేదు, సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. "ఆయన మంచివాడేనమ్మా" అని ఒకావిడ మొదలుపెడితే కండక్టరమ్మ అడ్డుపడింది. "టికెట్టు లేనివాణ్ణి దింపాలంటే వాడు మంచివాడా చెడ్డవాడా అని చూస్తూ కూర్చుంటామా?"

ఇంటి దగ్గర కూడా సాధన చేస్తున్నాను. మొన్న గదిలో నిలబడి గట్టిగా 'వద్దు!' అన్నాను. సరిగ్గా అప్పుడే ఇంటావిడ బట్టలారేసే తాడు గురించి పేచీ పెట్టుకోడానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగి, "సరే సరే, వద్దులే" అని వెనక్కి వెళ్ళిపోయింది. తాడు ఇప్పుడు నాదే.

కుర్రాళ్ళని పంపకు. పెద్దమనిషికి చెప్పొద్దన్నది బిడియం వల్ల కాదు అన్నయ్యా. కారణం ఉంది. అది చెప్పడానికి నాకే ఇంకా మాటలు కుదరడం లేదు. కుదిరాక రాస్తాను. అందాకా ఆగు.

చిట్టి


జూలై 6

చెల్లాయికి,

ఆగలేదు. చెప్పేశాను.

కోప్పడకు, జరిగింది విను. పెద్దమనిషి ఎప్పటిలా నెలాఖరుకి మన ఊరొచ్చి ఇంటికొచ్చాడు. టీ తాగుతుంటే నా నోరు ఊరుకోలేదు. లాండ్రీలో ఎవడో మన చిట్టి మీద చెయ్యి వేస్తున్నాడట, కాస్త చూసుకోరా అన్నాను. వాడి ముఖం పాలిపోయింది. కప్పు కింద పెట్టేశాడు. "ఎవడు? పేరు చెప్పిందా?" అని అడిగాడు. చెప్పలేదురా, సిగ్గుపడుతోంది అన్నాను. అప్పుడు కాస్త తేరుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇక నీ చెల్లెలి పక్కనించి నేను కదలను, చూస్తూ ఉండు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. నా సొంత తమ్ముడున్నా అంత విలవిల్లాడడు.

ఇప్పుడు నిశ్చింతగా ఉండు. ఆ కండక్టరమ్మకి నా నమస్కారాలు చెప్పి క్లాసు మానెయ్యొచ్చు.

అన్నయ్య

చిట్టీ, వదినని. ఈయన చెప్పిందంతా నిజమే, కళ్ళల్లో నీళ్ళు నేనూ చూశాను. కప్పు కింద పెట్టేటప్పుడు చెయ్యి వణకడం కూడా చూశాను. టీ సగం వదిలేసి వెళ్ళాడు. ఆ మనిషి మా ఇంట్లో టీ వదిలిపెట్టగా నేనెప్పుడూ చూడలేదు. నువ్వు బాగానే ఉన్నావా?


జూలై 18

అన్నయ్యకి,

నువ్వు పెట్టిన కాపలా అమల్లోకి వచ్చింది. చెప్పుకోవాలంటే నీ స్నేహితుడు నీ మాట అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాడు.

పొద్దున గేటు దగ్గరే కాచుకుని ఉంటాడు. మోచేతి పైన పట్టుకుని మడత హాలు దాకా తెస్తాడు. స్టూలు ఎక్కేటప్పుడు నడుం పట్టుకుని ఎక్కిస్తాడు, దిగేటప్పుడు దింపుతాడు. ఇంతకుముందు రోజుకోసారి వచ్చేవాడు, ఇప్పుడు టీ వేళకి, భోజనానికి, చేతులు కడుక్కోడానికి లేచినా వస్తాడు. ఇంతకుముందు ఎవరూ చూడనప్పుడు వచ్చేవాడు, ఇప్పుడు అందరి ముందూ దర్జాగా వస్తాడు. "వాళ్ళన్నయ్య నాకు అప్పగించాడమ్మా, నా బాధ్యత" అని హాలంతా వినేలా చెబుతాడు. ఎంత మంచివాడో చూడు అని ఆడవాళ్ళు నాతో అంటున్నారు. నన్ను ఎప్పుడూ అనుమతి అడగలేదు కాబట్టి ఆయనకి నా అనుమతి లేదు. ఇప్పుడు నీది ఉంది.

ఆ సాయం చేసేవాడు ఇంకా వస్తున్నాడా అని అడుగుతావేమో. పెద్దమనిషి పక్కన ఉండగా ఇంకొకడికి చోటెక్కడిది?

క్లాసు మానలేదు. మొన్న ఆదివారం వెళ్ళి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. కండక్టరమ్మ ఎందుకని అడగలేదు. "మాట రానిరోజు రాలేదని నిన్ను నువ్వు తిట్టుకోకు, ఆ రోజు నువ్వు ఏం చేసి గట్టెక్కావో అదే సరైన పని" అంది. చెప్పుల అద్దంలో నా కాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. తర్వాత పార్లరావిడ నా జుట్టు దువ్వనా అని అడిగింది. సరే అన్నాను.

చిట్టి


ఆగస్టు 1

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి ప్రాణం లేచొచ్చింది! గేటు నించి స్టూలు దాకా! ఇలాంటి స్నేహితుడు ఎవరికి దొరుకుతాడు? నీ మాటలు అక్షరం పొల్లుపోకుండా వాడికి చదివి వినిపించాను, మొన్న వచ్చినప్పుడు. ఎందుకో మొహమాటపడ్డాడు. పొగడ్తలంటే వాడికి చిన్నప్పటినించీ పడదు.

ఒక్క మాట మాత్రం అన్నాడు. ఆ క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టాక నువ్వు నవ్వడం తగ్గించావట. ముఖం గంటు పెట్టుకుని చూస్తున్నావట. "నీ చెల్లెలు బంగారంరా, కానీ ఆ క్లాసులో రకరకాల మనుషులున్నారు, నీ మంచికోరి చెబుతున్నా" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఆలోచించు.

అన్నయ్య

చిట్టీ, మీ అన్నయ్య నీ ఉత్తరం పైకి చదివి మురిసిపోయారు. తర్వాత నేను తీసుకెళ్ళి వంటగదిలో చదువుకున్నాను. నాకు మరోలా వినపడింది. వివరంగా ఏమీ రాయక్కర్లేదు, నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడు. ఒకటి మాత్రం చెప్పు. ఆ 'వద్దు' అనేటప్పుడు చూపు ఎక్కడ పెట్టాలి?


ఆగస్టు 10

అన్నయ్యకి, వదినకి,

మాటలు కుదిరాయి. రాస్తున్నాను, ఇద్దరూ కలిసి చదవండి.

సాయం చేసేవాడు పెద్దమనిషే. మొదటినించీ ఆయనే. నీకు ఎలా చెప్పను? ఉద్యోగం ఇప్పించాడు, నిన్ను మోసుకొచ్చాడు. ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఎత్తి కూర్చోబెట్టే వంకతో ఆయన చేతులు ఎక్కడెక్కడికి వెళ్ళేవో రాయను. కూర్చున్నాక కూడా తీసేవాడు కాదు. నవ్వుతూనే ఉండేవాడు. నేనూ నవ్వేదాన్ని, ఇంకేం చెయ్యాలో తెలియక.

గురువారం పొద్దున నేను స్టూలు ఎక్కుతుంటే ఎప్పటిలా వచ్చి వెనకనించి నడుం పట్టుకున్నాడు. నేను తలతిప్పి, "మీ చెయ్యి నా నడుం మీద ఉంది. తియ్యండి" అన్నాను. మామూలుగా అయితే రోలర్ల చప్పుడులో పక్కవాళ్ళకి కూడా వినపడదు. కానీ దుప్పటి ఇరుక్కుని సరిగ్గా అప్పుడే మెషీను ఆపారు. కండక్టరమ్మ నేర్పిన గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది.

ఆయన నవ్వాడు. "నేను పట్టుకోకపోతే పడిపోతావు తల్లీ."

"పడితే లేస్తాను. తియ్యండి."

తీశాడు. ఠక్కున తీశాడు. నేను పడ్డాను.

నిజంగానే పడ్డాను అన్నయ్యా. స్టూలు ఒక పక్కకి, నేను ఒక పక్కకి, ఉతికిన దుప్పట్ల కుప్ప మీద. ఇన్ని వారాలు నేర్చుకుని నోరు విప్పిన మొదటిసారే ఇలా జరిగింది. "చూశారా, నేను చెప్పలా" అని ఆయన అందరివైపూ చేతులు చాపాడు. ఎవరో ముందుకు రాబోయారు. నేను 'వద్దు' అన్నాను. సామాను లేకుండా వచ్చింది.

తర్వాత లేచాను. నేను నేలమీదనించి లేవడం నువ్వు చూశావుగా, ఎంతసేపు పడుతుందో. ముందు పక్కకి తిరగాలి, మోకాలు మడవాలి, కర్ర అందుకోవాలి, మళ్ళీ ఒకసారి జారాలి. అదంతా అయ్యేదాకా హాలంతా అలాగే నిలబడింది. ఆయన కూడా నిలబడాల్సొచ్చింది, రెండు చేతులూ ఊరికే వేలాడేసుకుని, ఏం చెయ్యాలో తెలియక. స్టూలు నిలబెట్టుకున్నాను, ఎక్కాను, కూర్చున్నాను. దుప్పటి అందుకున్నాను. మడత వంకరగా వచ్చింది.

అప్పుడు ఎదుటి బల్ల దగ్గర ఆవిడ, భర్త పోయిన మనిషి, ఎప్పుడూ తలెత్తనిది, దుప్పటి కిందపెట్టి, "నా భుజం మీద కూడా వెయ్యకండి" అంది. మెల్లగా అంది. మెషీను ఇంకా ఆగే ఉంది.

ఆయన వెళ్ళిపోయాడు. ఆఫీసుకి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

వదినా, చూపు గురించి అడిగావు. కళ్ళల్లోకి చూడగలిగితే కళ్ళల్లోకి. లేకపోతే కనుబొమ్మల మధ్య చూడు, ఎదుటివాళ్ళకి తేడా తెలియదు. నేను కనుబొమ్మలే చూశాను.

చిట్టి


ఆగస్టు 11

చెల్లాయికి,

శుభవార్త! నేను మీ ఊరు వస్తున్నాను!

పెద్దమనిషి నించి కబురొచ్చింది. మీ లాండ్రీలో ఆడవాళ్ళకి రక్షణ గురించి ఏదో గొడవ జరిగిందట. వివరాలు చెప్పలేదు. అందరికీ ఆత్మరక్షణ నేర్పించాలని ఆఫీసువాళ్ళు అనుకుంటే, నా స్నేహితుడు పెద్ద వస్తాదు, ఆయన్నే పిలుద్దాం అని వీడు ముందుకొచ్చాడట. లెటర్‌హెడ్ మీద ఆహ్వానం కూడా వచ్చింది. పేరుకి ముందు 'శ్రీ' అని ఉంది.

ఇద్దరు కుర్రాళ్ళని తెస్తున్నాను. ఒకణ్ణి పడుకోబెట్టి ఛాతీ మీద ఇటుకలు పేర్చి సుత్తితో పగలగొడతాం. ఆడవాళ్ళకి ధైర్యం వస్తుంది. ఇటుకలు ఇక్కడినించే తేనా, అక్కడ దొరుకుతాయా? తిరుగు టపాలో రాయి. వేదిక మీద నా పక్కన పెద్దమనిషి కూర్చుంటాడు, నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.

అన్నయ్య


ఆగస్టు 16

అన్నయ్యకి,

ఇటుకలు తేకు. ఇక్కడ బోలెడు దొరుకుతాయి, కానీ మా నడుం పట్టుకున్నది ఇటుకలు కాదు.

నీ ఉత్తరం, నాది దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. ఇక్కడ జరిగింది చెబుతాను. ఆఫీసులో మేనేజరుగారు విచారణ చేశారు. పెద్దమనిషి ఉద్దేశం మంచిదని తేలింది. నా గొంతు పెద్దదని కూడా తేలింది. ఆడవాళ్ళకి ధైర్యం చాలక అపార్థాలు వస్తున్నాయి కాబట్టి ట్రైనింగు పెట్టాలన్నారు. ట్రైనరెవరో మాకు చెప్పలేదు. నీ ఉత్తరం విప్పితే తెలిసింది. ఎంతసేపు నవ్వానో చెప్పలేను, చివర్లో అది నవ్వు కాదు.

ఆదివారం క్లాసులో అందరం కూర్చుని ఏం చెప్పాలో మాట్లాడుకున్నాం. మర్నాడు మడత హాలు వాళ్ళందరం కలిసి ఆఫీసుకి వెళ్ళాం. "ఇంతమందేమిటి, ఒక్కొక్కళ్ళు రండి" అన్నారు మేనేజరుగారు. "ఒక్కొక్కళ్ళం అయితే రాలేకే ఇన్నాళ్ళు పట్టింది" అంది ఎదుటిబల్ల ఆవిడ. ట్రైనింగు మాకు అక్కర్లేదు, ఆయన మా హాల్లోకి రాకూడదు అని చెప్పాం. చెప్పి అక్కడే నిలబడ్డాం. రోలర్లు ఆగిపోయాయి, ఆసుపత్రులనించి ఫోన్లు మొదలయ్యాయి. భోజనం వేళకి ఆయన్ని లారీల్లోకి మూటలెక్కించే వైపుకి మార్చారు. తనకి ప్రమోషనొచ్చిందని ఆయన అందరికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

ఇక నీ సంగతి. నువ్వు నమ్ముతావో లేదో నాకు తెలియదు. నమ్మితే ఆయన్ని కొట్టడానికి మాత్రం బయల్దేరకు. కుర్రాళ్ళని పంపకు. నువ్వు కొడితే అది మీ ఇద్దరి గొడవైపోతుంది, అందులో నేను ఎక్కడా ఉండను. నన్ను ఆయనకి అప్పగించింది నువ్వు. నన్ను అడగకుండా అప్పగించావు. అది వెనక్కి తీసుకున్నానని నీ నోటితో ఆయనకి చెప్పు. నాకు కావలసింది అదొక్కటే.

చిట్టి


ఆగస్టు 28

చిట్టికి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది చదివినప్పుడు నేను నమ్మలేదు. వాడి చెయ్యి మోటు చెయ్యి, నువ్వు పొరపాటు పడ్డావు అనుకున్నాను. మళ్ళీ చదివాను. మళ్ళీ చదివాను. మీ వదిన ఒకసారే చదివింది. "ట్రైనింగుకి రావడం లేదని రాయండి" అంది. రాశాను. మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేకపోతున్నానని రాశాను. నా ధైర్యం ఆపాటిది.

ఆదివారం వాడు వచ్చాడు, పళ్ళసంచీతో. వస్తాడని తెలిసి నేను పొద్దున్నించే తాలింఖానాలో ఒక్కణ్ణే నిలబడి ఏం చెప్పాలో సాధన చేశాను. గోడతో బాగానే చెప్పాను. వాడు ఎదురుగా కూర్చున్నాక నా నోట్లోంచి వచ్చింది, "ప్రయాణం బాగా జరిగిందా?"

"చిట్టి సంగతి నీ దాకా వచ్చే ఉంటుంది" అన్నాడు వాడే. "పాపం, దాని తప్పేం లేదు, ఎవరో నూరిపోశారు. నేను మనసులో పెట్టుకోలేదులే."

అప్పుడు నేనేమన్నానో విను. "నీ మనసు మంచిదిరా" అన్నాను. అన్నది నేనే. ఇంతమంది కుర్రాళ్ళకి పట్టు విడిపించుకోవడం నేర్పినవాణ్ణి, నేనే విడిపించుకోలేకపోయాను.

మీ వదిన టీ తెచ్చింది. పళ్ళెంలో రెండు కప్పులు. ఒకటి నా ముందు పెట్టింది. రెండోది తను తీసుకుని, మూడో కుర్చీ లాక్కుని కూర్చుని తాగడం మొదలుపెట్టింది. వాడున్నప్పుడు మీ వదిన ఆ గదిలో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నాకేదీ చెల్లెమ్మా?" అన్నాడు వాడు నవ్వుతూ.

"మీకు లేదండీ."

"చక్కెర నిండుకుందా ఏమిటి?"

మీ వదిన నవ్వలేదు. కప్పు ఒళ్ళో పెట్టుకుని వాడి ముఖంలోకి చూసింది. "మా చిట్టి ఒంటి మీద చెయ్యి వేశారు. తియ్యమంటే పడేశారు. ఈ ఇంట్లో మీకు టీ లేదు." గట్టిగా కూడా అనలేదు. నా చెవులకి కూడా ప్రతి అక్షరం వినపడింది.

వాడు ఎర్రబడ్డాడు. నా వైపు తిరిగాడు. "ఏరా, ఈ ఇంట్లో మాట ఎవరిది?"

నేను టీ కప్పు పట్టుకుని ఉన్నాను. దాన్ని కింద పెట్టాను. "ఇద్దరిదీ" అన్నాను. "చిట్టిని నీకు అప్పగించాను చూడు, అది వెనక్కి తీసుకుంటున్నాను. దాన్ని అడక్కుండా ఇచ్చాను, అది నా తప్పు. నువ్వు ఇక దాని దగ్గరికి వెళ్ళొద్దు." మధ్యలో గొంతు చీలింది. మీసాలు రాని పిల్లాడి గొంతులా. ఇంకోసారి అన్నాను, ఈసారి కాస్త నయంగా వచ్చింది.

ఆడవాళ్ళ మాటలు పట్టుకుని ఇన్నేళ్ళ స్నేహం తెంచుకుంటున్నావు అన్నాడు. అవునన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పళ్ళసంచీ మరిచిపోతే మీ వదిన వీధిలోకి వెళ్ళి చేతికిచ్చి వచ్చింది. కిటికీలోంచి మలుపు తిరిగేదాకా చూశాను. నాకు ఏడుపొచ్చింది చిట్టీ. వాడి కోసమో, నీ కోసమో, నేను విడదీసి చెప్పలేను.

తర్వాత మీ వదిన కుర్చీ నా వైపు తిప్పుకుంది. "మీకు కూడా రెండు మాటలు చెప్పాలి" అంది. చెప్పింది. అవి ఉత్తరంలో రాసేవి కావు. పెళ్ళయినప్పటినించీ చెప్పాలనుకుంటోందట. రెండింటికీ సరే అన్నాను. మూడోది కూడా ఉందా అని కాస్త భయంగానే అడిగాను. "ఉన్నాయి" అంది. ఉంది అనలేదు, ఉన్నాయి అంది. "ముందు ఆ కప్పులు కడిగి రండి, చెబుతాను."

కడిగి వచ్చి కూర్చున్నాను.

నీ అన్నయ్య